సంతలో వాలు గద్దెలు

మా ఊరి సంతకు రేకుల కప్పు వేసిన ఏడాది నుంచీ దాని కింద మనుషులు పడుకుంటూనే ఉన్నారు. కప్పు ఉన్నచోట ఇల్లు లేనివాడు పడుకుంటాడు. ఇందులో వింతేమీ లేదు. ఆ సంగతి మా పంచాయతీకి తెలియడానికి ఇన్నేళ్ళు పట్టడమే వింత. తెలిశాక వారు చేసిన పని చూస్తే, తెలియకుండా ఉన్న రోజులే నయమనిపించింది.

మాది భద్రాచలం బస్సులు ఆగే ఊరు. ఒక పక్క రోడ్డు మీద మణుగూరు బొగ్గు లారీలు, ఇంకో పక్క అడవి, ఇంకొంచెం దూరం పోతే గోదావరి. సోమవారం సంత. అడవిలోని కోయ గూడేల నుంచి చింతపండు, చీపుర్లు, ఉసిరికాయలు వస్తాయి. ఏటి ఒడ్డు పల్లెల నుంచి కూరగాయలు, ఎండుచేపలు వస్తాయి. సరుకు పెట్టుకోవడానికి కప్పు కింద పన్నెండు సిమెంటు గద్దెలు ఉన్నాయి. మోకాలంత ఎత్తు, మనిషి నిండుగా పడుకునేంత పొడవు. అమ్మేవారి దగ్గర తైబజారు వసూలు చేసుకునే హక్కును పంచాయతీ ఏటా వేలం వేస్తుంది. ఆ వేలం పాడుకున్న గుత్తేదారు దగ్గర నేను లెక్కల మనిషిని. నాకు బడి చదువు అయిదో తరగతితో సరి. తునికాకు కల్లంలో ఆకు కట్టలు వరసలు పేర్చి ఎంచుతూ ఎంచుతూ లెక్క నేర్చుకున్నాను. మధ్యవయసు వచ్చేసరికి సంతకు చేరాను.

గద్దెల మీద పడుకునేవాళ్ళు నలుగురు. బొగ్గు లారీ వెనక్కి వస్తుంటే కాలు చితికిపోయిన హమాలీ ఒకడు. రాష్ట్ర సరిహద్దు అవతలి అడవి నుంచి మిర్చి ఏరడానికి వచ్చి, తిరిగి పోదామంటే అక్కడ ఊరే మిగలని మొగుడూ పెళ్ళాలు ఇద్దరు. నాలుగో మనిషి అవ్వ. ఆమె భర్త బొగ్గు గనుల్లో ఒక కాంట్రాక్టరు కింద కూలీ. ఆయన పోయాక అవ్వ రోడ్డు పక్కన తాటాకు గుడిసె వేసుకుంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ గుడిసె పోయింది. గుడిసె తీసేటప్పుడు పంచాయతీ వాళ్ళు, ‘నీకు వేరే చోట జాగా చూపిస్తం’ అన్నారట. చూపించడానికి కళ్ళు కావాలి కదా. అవి వాళ్ళకు ఎన్నికల ముందు మాత్రమే తెరుచుకుంటాయి. అవ్వ తన దుప్పటి, గిన్నె తీసుకుని వచ్చి, నల్లా పక్కన ఉన్న గద్దెను తన గద్దె చేసుకుంది.

ఆమె అక్కడ ఊరికే పడుకోలేదు. సంత ముగిసే వేళకు అమ్ముడుపోని చింతపండు బుట్టనో, చీపుర్ల మోపునో, ఉల్లిగడ్డ బస్తానో తలకెత్తుకుని మళ్ళీ గూడేనికి ఎవరు మోస్తారు? గద్దె కింద పెట్టి గోనె కప్పి పోతారు. వచ్చే సోమవారం దాకా వాటికి అవ్వ కాపలా. హమాలీ కర్ర పట్టుకుని పందుల్ని తరుముతాడు. మిర్చి జంట తెల్లవారి లేచి గద్దెలు ఊడుస్తారు. సోమవారం పొద్దున సరుకు విప్పగానే ప్రతి బుట్టలోంచీ అవ్వకు ఒక పిడికెడు. ఇచ్చేవాళ్ళు పిడికిలితో తీసి ఇవ్వరు. అవ్వే చెయ్యి పెట్టి తీసుకుంటుంది. అది మా సంతలో పద్ధతి. ఎవరూ గొణగరు, ఎందుకంటే ఆమె చెయ్యి చిన్నది. ఆ పిడికిళ్ళతోనే నలుగురి కూరా గడిచేది. ఈ పద్ధతి ఎవరు పెట్టారో నాకు తెలియదు. పంచాయతీ పెట్టలేదని మాత్రం గట్టిగా చెప్పగలను, ఎందుకంటే అది చక్కగా నడిచేది.

ఇలా ఉండగా మా ఊరికి పరిశుభ్రతలో బహుమతి రావాలని సర్పంచ్‌కు కోరిక పుట్టింది. మా సర్పంచ్ చెడ్డవాడని ఎవరూ అనలేరు. మంచో చెడో తేలాలంటే ఏదో ఒకటి చేసి ఉండాలి కదా. చూడడానికి జిల్లా నుంచి పెద్దలు వస్తారని కబురు వచ్చింది. కార్యదర్శి సంతలో ఒక చుట్టు తిరిగి, అవ్వ దుప్పటి దగ్గర ఆగి, ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు. పక్కనే మురికి కాలువ పొంగి పారుతోంది. దాన్ని దాటేటప్పుడు మాత్రం ఆయనకు జేబురుమాలు గుర్తుకు రాలేదు.

మర్నాడు చెత్త ట్రాక్టర్ వచ్చింది. నలుగురినీ ఎక్కించుకుని, వాగు దాటి, అడవి అంచున ఉన్న పాత పశువుల దవాఖానాకు తీసుకుపోయింది. పశువులు కూడా పోవడం మానేసిన దవాఖానా అది. నీళ్ళు లేవు, తలుపులు లేవు. గోడకు ‘రాత్రి బస కేంద్రం’ అని గుడ్డ బ్యానర్ కట్టారు. నేలమీద నాలుగు కొత్త చాపలు పరిచారు. సర్పంచ్ చాప మీద కూర్చుని అవ్వ భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగాడు. ఫోటో అయిపోయాక చాపలు మడిచి మళ్ళీ ట్రాక్టర్‌లో వేశారు. అవి అంగన్‌వాడీ పిల్లలవి. బ్యానర్ ఒక్కటే మిగిలింది. ఇల్లు లేనివాడు కప్పుకోవడానికి గుడ్డ బ్యానర్ పనికి వస్తుంది కాబట్టి, ఆ కేంద్రం వల్ల అసలు లాభం లేదనడం అన్యాయం అవుతుంది.

పెద్దలు వచ్చారు. ఖాళీగా ఉన్న గద్దెల్ని చూశారు, కొబ్బరి నీళ్ళు తాగారు, పోయారు. బహుమతి ఇంకెక్కడికో పోయింది. సోమవారం నేను సంతకు పోయేసరికి అవ్వ తన గద్దె మీద కూర్చుని కాళ్ళు పిసుక్కుంటోంది.

“ఏంది అవ్వా, అప్పుడే వచ్చినవ్? నీకు సర్కారు ఇల్లు ఇచ్చిందన్నరు?” అన్నాను.

“ఇచ్చింది బిడ్డా, ఎందుకియ్యలే. గాని ఆ ఇంట్ల ముందే ఒక ఎలుగుబంటి కిరాయికున్నది. అది నన్ను చూసి జడుసుకున్నది, నేను దాన్ని చూసి జడుసుకున్న. ఇద్దరికీ పొసగదని నేనే ఖాళీ చేసి వచ్చిన.”

హమాలీ నవ్వుతూ, “పెద్దదానివి, అడ్జస్టు కావాల్సింది” అన్నాడు.

“అది బ్యానర్ చదివి నన్ను పొమ్మన్నదిరా. చదువుకున్న ఎలుగు.”

ఇక్కడితో ఆగి ఉంటే నేను ఇది రాసేవాణ్ణి కాదు. బహుమతి రాకపోవడానికి కారణం గద్దెల మీద పడుకునేవాళ్ళేనని సర్పంచ్ గట్టిగా నమ్మాడు. మురికి కాలువ ఆయన నమ్మకంలోకి రాలేదు. పంచాయతీ సమావేశం పెట్టారు. సంత విషయం కాబట్టి గుత్తేదారును రమ్మన్నారు. ఆయనకు వేరే పని ఉండి నన్ను పంపించాడు. నేను గోడ పక్క బెంచీ మీద కూర్చున్నాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. టీ మాత్రం ఇచ్చారు.

పోలీసులకు చెప్పి తరిమిద్దామని ఒకాయన అన్నాడు. రోజూ వచ్చి తరమడానికి పోలీసులకు మనమేమన్నా జీతమిస్తున్నమా అని ఇంకొకాయన. అప్పుడు కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. కొత్తగా కొన్న సెల్‌ఫోన్ తీసి, దాని వంక చూసి, మళ్ళీ జేబులో పెట్టుకుని అన్నాడు:

“నేను పట్నంల చూసిన. బస్టాండ్ల బెంచీలు వాలుగ చేసిండ్రు. కూసోవచ్చు గాని పండరాదు. మన గద్దెలకు గూడ గట్ల వాలు పోపిద్దాం. ఎవర్ని తిట్టేది లేదు, కొట్టేది లేదు. వాళ్ళే పోతరు.”

సర్పంచ్ ముఖం వెలిగింది. జీవితంలో మొదటిసారి ఆయనకు సిమెంటుతో జవాబు చెప్పగలిగే ప్రశ్న ఎదురైంది. అందరూ బల్లలు చరిచారు.

ఆ సమావేశంలో ఒక మహిళా వార్డు సభ్యురాలు ఉంది. ఎన్నికైంది ఆమె. మాట్లాడేది ఆమె భర్త. ఆయనకు ఓటు లేకపోయినా కుర్చీ ఉండేది. ఆ రోజు ఆమె కొంగు సర్దుకుని మెల్లగా అడిగింది:

“మరి ఉల్లిగడ్డలో?”

“నువ్వూకో” అన్నాడు భర్త.

మా పంచాయతీ ఆ ఏడాది విన్న తెలివైన మాట ఆమెదొక్కటే. దానికి దొరికిన జవాబు ఆయనదొక్కటే. తీర్మానం రాసుకున్నారు. దాని పేరు ‘గద్దెల ఆధునీకరణ’.

మేస్త్రీ వచ్చిన రోజు నేను సంతలోనే ఉన్నాను. అతను ఇసుక, సిమెంటు కలిపి, గద్దె మీద తాపీ ఆనించి సర్పంచ్‌ను అడిగాడు:

“వాలు ఎంత పెట్టమంటరు సార్?”

“మనిషి జారేంత.”

“ఏ మనిషి సార్? సన్నోడా, లావోడా?”

సర్పంచ్ కార్యదర్శి వైపు చూశాడు. కార్యదర్శి కొలతలకు వచ్చిన ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరు పంచాయతీ అటెండర్ వైపు చూశాడు. అటెండర్ చూడడానికి ఎవరూ మిగలలేదు కాబట్టి అతనే చొక్కా విప్పి గద్దె మీద పడుకున్నాడు. మొదట ఒక పలక వాల్చి పెట్టి దాని మీద పడుకోబెట్టారు.

“జారుతున్నవా?” అని సర్పంచ్.

“లేదు సార్. నిద్రొస్తుంది.”

పలక కింద ఒక రాయి పెట్టారు. అటెండర్ కళ్ళు మూసుకుని కాళ్ళు ముడుచుకున్నాడు. ఇంకో రాయి పెట్టారు. ఈసారి అతను కొంచెం జారి, మడమలు తన్నిపెట్టి ఆగాడు. “గట్ల ఆపొద్దు, ఊకె ఉండు. అవ్వ గట్ల ఆపుతదా?” అని కార్యదర్శి కసిరాడు. మూడో రాయి పెట్టాక అటెండర్ నిండు మనిషి నేల మీదికి దొర్లి మోచెయ్యి కొట్టుకున్నాడు. అక్కడున్న పెద్దలందరూ చప్పట్లు కొట్టారు. ఇంజనీరు టేపు పెట్టి కొలిచాడు. గద్దె వెడల్పు మూడడుగులు, వెనక అంచు ముందు అంచు కన్నా ముప్పావు అడుగు ఎత్తు. అంటే నాలుగుకు ఒకటి. అంత వాలు మీద మనిషి నిలవడని వాళ్ళు అటెండర్‌ను పడేసి తెలుసుకున్నారు. ఉల్లిగడ్డను పడేసి చూడాలని ఎవరికీ తోచలేదు. దానికి లెక్కలు రానక్కర్లేదు, ఒక్క ఉల్లిగడ్డ చాలు.

అవ్వ ఇదంతా నల్లా దగ్గర నిలబడి చూసింది. మేస్త్రీ ఆమె గద్దె దగ్గరకు వచ్చినప్పుడు దుప్పటి, గిన్నె తీసి చంకన పెట్టుకుంది. “గింత కష్టం ఎందుకు సారూ, పొమ్మంటే నేనే పోదును గద” అంది.

“నిన్ను పొమ్మన్నమా అవ్వా? గద్దెలు బాగు చేస్తున్నం” అన్నాడు కార్యదర్శి.

“అవ్, కనపడుతుంది బాగు” అంది అవ్వ.

తర్వాతి సోమవారం నేను చూసిన సంతను మరిచిపోలేను. పొద్దున్నే ఏటి ఒడ్డు నుంచి వచ్చిన టమాటల ఆమె ఎప్పటిలాగే తన గద్దె మీద గోనె పరిచి బుట్ట బోర్లించింది. టమాటలు ఒక్క క్షణం ఆలోచించుకుని, అన్నీ కలిసి బయల్దేరాయి. ఆమె రెండు చేతులూ చాపి ఆపబోయింది. పక్క గద్దె మీంచి ఉల్లిగడ్డలు వాటికి తోడు వచ్చాయి. ఆ పక్కన ఉసిరికాయలు. వాటికైతే ఆగడమే తెలియదు, రోడ్డు దాటి హోటలు ముందు దాకా పోయాయి. గుడ్లు అమ్మే మనిషి సంగతి చెప్పను. ఆ రోజు కుదురుగా కూర్చున్నవి రెండే రెండు, అరటిగెలలు, ఎండుచేపలు. సంతంతా వంగి ఏరుకునేవాళ్ళే. ఎవరి ఉల్లిగడ్డ ఏదో తెలియక ఇద్దరు ఆడవాళ్ళు జుట్లు పట్టుకున్నారు.

టమాటల ఆమె నా దగ్గరికి వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుంది. ఆమె నోరు మా సంతలో పేరున్నది.

“ఓ లెక్కలాయనా, తైబజారు తీసుకుంటవా? తీసుకో. నా టమాటలు కాలువల ఉన్నయి, పోయి వాటినడుగు.”

“గద్దెలు నేను కట్టించిన్నా అక్కా?”

“ఎవడు కట్టిండో వాణ్ణి తెచ్చి గిక్కడ పండబెట్టు. వాడు జారకుంట ఉంటే నేను నా టమాటల్ని ఊకుండబెడత.”

జారిన వాణ్ణి ముందే చూశామని నేను అనలేదు. మధ్యాహ్నానికి అమ్మేవాళ్ళందరూ గద్దెలు వదిలి రోడ్డు మీద కూర్చున్నారు. భద్రాచలం బస్సు హారన్ కొట్టి కొట్టి ఆగిపోయింది. ప్రతి సోమవారం అదే తంతు అయింది. గద్దెలు ఖాళీ, రోడ్డు నిండా సంత. సర్పంచ్ మాత్రం అటుగా పోతూ, గద్దెల మీద ఎవరూ పడుకోలేదని చూసుకుని సంతోషపడ్డాడు.

అప్పటికి ముసురు పట్టింది. హమాలీ లారీల కింద పడుకునేవాడు. మిర్చి జంట బడి వెనక గోడవారన ప్లాస్టిక్ పట్టా కట్టుకున్నారు. అవ్వ మొదట తన గద్దె కింది అంచు పొడుగునా ఇటుకలు పేర్చి, వాటికి ఒరిగి పడుకునే ప్రయత్నం చేసింది. కార్యదర్శి ఇటుకలు ఎత్తించాడు, పంచాయతీ ఇటుకలట. అప్పుడు బస్ షెల్టర్‌కు పోయింది. మా ఊరి బస్ షెల్టర్ వాన ఏ దిక్కు నుంచి కొడుతుందో అటే తెరిచి ఉంటుంది. కట్టినవారు వానకు ఎదురేగి ఆహ్వానం పలికినట్టు కట్టారు. మూడు వానలకు అవ్వకు జ్వరం పట్టింది. దగ్గు ఎక్కువైంది. ఇంకో నెల ఇలా తడిస్తే ఈమె ఉండదని చూసిన వాళ్ళందరికీ తెలిసింది. పంచాయతీ ఆఫీసు కిటికీలోంచి ఆ బస్ షెల్టర్ కనిపిస్తుంది. ఆ కిటికీ తలుపులు వేసి ఉండేవి, జల్లు పడుతుందని.

గోదావరి పెరిగింది. ఏటి ఒడ్డు పల్లెల్లోకి నీళ్ళు వచ్చాయి. అక్కడివాళ్ళను హైస్కూల్లో పెట్టి సర్కారు అన్నం పెడుతోందని తెలిసి, నేనే అవ్వను రిక్షాలో కూర్చోబెట్టి తీసుకుపోయాను. గేటు దగ్గర బల్ల వేసుకుని ఒక గుమాస్తా కూర్చున్నాడు.

“ఏ ఊరు?” అన్నాడు తల ఎత్తకుండా.

“గీ ఊరే” అంది అవ్వ.

“ఈ ఊళ్ళోకి నీళ్ళు రాలేదే. నీ ఇల్లు మునిగిందా?”

“నాకు ఇల్లు లేదు బిడ్డా.”

“మునగలేదన్నమాట.” తల ఎత్తాడు. “చూడమ్మా, ఇది వరద బాధితులకి. ఇల్లు మునిగినవాళ్ళకే.”

“లేని ఇల్లు ఎట్ల మునుగుతది సారూ?”

“అదే కదా నేను చెప్పేది” అన్నాడు అతను, వాదం గెలిచినవాడిలా.

ఒక ఇల్లు ఉండి అది పోతే సర్కారుకు జాలి. మొదటి నుంచీ సున్నా ఉన్నవాడి దగ్గర పోవడానికేమీ లేదు కాబట్టి సర్కారుకు వాడితో పని లేదు. ఈ లెక్కను కాదనలేం. ఇంత పకడ్బందీగా తప్పు చేయడం అందరికీ చేతకాదు. అవ్వ దగ్గుతూ గేటు స్తంభం పట్టుకుంది.

లోపల వరండాలో అన్నం వరసలో నిలబడి ఉన్న టమాటల ఆమె మమ్మల్ని చూసింది. ఆమె ఇల్లు నిజంగానే నడుము లోతు మునిగింది. కంచం చేత్తో పట్టుకునే గేటు దగ్గరికి వచ్చింది.

“ఏందయ్యా, మా పెద్దమ్మను గేటు కాడ నిలబెట్టినవ్?”

“మీ పెద్దమ్మా? ఇల్లు లేదంటుంది?”

“నా ఇంట్లనే ఉంటది. జ్వరంల ఏదో అంటది. రాసుకో, మునిగింది మునిగింది.” అని అవ్వ రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. గుమాస్తా రాసుకున్నాడు. అతనికి నిజంతో పేచీ లేదు. ఎవరో ఒకరు ‘మునిగింది’ అనాలి, అంతే.

అవ్వ ఆ బడిలో పొడి నేల మీద పడుకుంది. దవాఖానా నర్సు వచ్చి మాత్రలిచ్చింది. ఏటి ఒడ్డు ఆడవాళ్ళు, అంటే మా సంతలో కూరగాయలు, చేపలు అమ్మేవాళ్ళే, ఆమె చుట్టూ కూర్చునేవారు. నేను గుత్తేదారు పంపిన బియ్యం ఇవ్వడానికి పోయినప్పుడు వాళ్ళ మాటలు విన్నాను. అవ్వ లేని నెలలో గద్దెల కింద పెట్టిన సరుకు సగం పోయింది. చింతపండు పందులు తిన్నాయి. చీపుర్ల మోపులు ఎవరో ఎత్తుకుపోయారు. ఉల్లిగడ్డ బస్తాలు తడిసి మొలకెత్తాయి.

“నీళ్ళు తీసినంక మనల్ని ఇండ్లకు పంపుతరు. దీన్ని ఎక్కడికి పంపుతరు?” అంది చేపల ఆమె.

“బస్సు షెల్టర్‌కు” అంది అవ్వ. “నాది గూడ మునిగిన ఇల్లే, పైనుంచి మునుగుతది.”

టమాటల ఆమె కంచం పక్కన పెట్టి, “సోమవారం రానియ్యిండ్రి” అంది.

నీళ్ళు తీశాయి. శిబిరం ఎత్తేశారు. సోమవారం పొద్దున నేను సంతకు పోతే ఒక్కరూ లేరు. గద్దెలూ ఖాళీ, రోడ్డూ ఖాళీ. గుత్తేదారు నాకన్నా ముందే వచ్చి గుండె పట్టుకుని నిలబడ్డాడు. “పంచాయతీ ఆఫీసు కాడ ఉన్నరు” అని హోటలాయన చెప్పాడు.

ఊళ్ళో చదునుగా, పొడిగా, విశాలంగా ఉన్న జాగా ఒకటే ఉంది. అది పంచాయతీ ఆఫీసు వరండా. నల్లరాతి బండలు పరిచి, నిరుడే సున్నం వేసిన వరండా. దాని నిండా టమాటలు, బెండకాయలు, ఉల్లిగడ్డలు. మెట్ల మీద చీపుర్లు. సర్పంచ్ గది గుమ్మానికి సరిగ్గా ఎదురుగా ఎండుచేపలు. వాటి వెనక గోడకు ఆనుకుని, దుప్పటి కప్పుకుని అవ్వ. ఒక్క టమాట దొర్లలేదు. బేరాలు జోరుగా సాగుతున్నాయి. ఊరి జనం అక్కడికే వచ్చి కొంటున్నారు. కార్యదర్శి చేపల మీంచి దాటడానికి ప్యాంటు ఎత్తి పట్టుకుని, కాలు ఎక్కడ పెట్టాలో తెలియక ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు.

సర్పంచ్ వచ్చాడు. వాసనకు రెండడుగులు వెనక్కి వేశాడు.

“ఏందమ్మా ఇది? ఆఫీసులో సంత ఏంది?”

“నీ సంత దొర్లుతుంది సారూ. ఇది దొర్లదు” అంది టమాటల ఆమె. “జాగా బాగున్నది. మేం గిక్కడనే ఉంటం. తైబజారు నీకే ఇస్తం, గుమ్మంలనే ఉన్నవు గద.”

గుత్తేదారు సర్పంచ్ చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. ఇలాగైతే వేలం డబ్బు కట్టేది లేదని, కట్టినది వాపసు అడుగుతానని మెల్లగా చెప్పాడు. మెల్లగా చెప్పిన మాటే సర్పంచ్‌కు బాగా వినపడింది. వానలో తడిసిన ముసలిదాని దగ్గు నెలంతా వినపడని చెవి అదే.

“సరే, సరే. గద్దెలు చదును చేపిస్తం” అన్నాడు. “మీరు లేవుండ్రి.”

ఎవరూ లేవలేదు.

“మా సరుకు ఎవరు చూస్తరు?” అంది చేపల ఆమె. “అవ్వ ఉండాలె. అవ్వ ఉండకపోతే మీరొచ్చి పండుకోవాలె.”

కార్యదర్శి ఒంటికాలి మీదే ఉండి చట్టం ఆలోచించాడు. సంతలో ఇల్లు లేనివారు పడుకోకూడదనే గద్దెల తీర్మానం చేశారు. అయితే కాపలాదారు ఉండకూడదని తీర్మానం లేదు. “అవ్వను కాపలాదారుగా పెట్టుకుందాం సార్” అన్నాడు. “అప్పుడు ఇల్లు లేని మనిషి అనే మాట రాదు. డ్యూటీల ఉన్నట్టు లెక్క.”

సర్పంచ్‌కు ఈ ఆలోచన ఎంతగా నచ్చిందంటే, చేపల వాసన కూడా మరిచిపోయి ముందుకు వచ్చాడు. అవ్వ దుప్పటిలోంచి తల బయటపెట్టింది.

“జీతమెంత సారూ?”

“జీతం లేదవ్వా. నీడ ఉన్నది.”

“నీడ ముందు నుంచి ఉన్నది. మీరే దాన్ని వంకర చేసిండ్రు.” కాసేపు దగ్గింది. “సరే గాని, గద్దెలు పన్నెండు. నాకు కండ్లు రెండు, అవీ మసకలు. ఒక్కదాన్ని ఎట్ల కాస్త? ఆ కాలుపోయినోడు కావాలె. ఊడ్వనీకి ఆ మొగడు పెండ్లాలు కావాలె. మొత్తం నలుగురం. లేకపోతే నేను చెయ్య.”

ఇల్లు లేని మనిషి ఉద్యోగం వద్దనడం సర్పంచ్ ఎప్పుడూ చూడలేదు. ఆడవాళ్ళు మళ్ళీ బేరాల్లో పడ్డారు. ఎండ ఎక్కుతోంది, చేపలు ఇంకా ఘాటెక్కుతున్నాయి. “నలుగురు, నలుగురు” అన్నాడు సర్పంచ్, ముక్కు మూసుకుని. మా ఊళ్ళో ఇల్లు లేని సమస్య తీరిన విధానం అది. ఒక్క ఇల్లూ కట్టకుండా, ఒక్క జాగా చూపకుండా, నలుగురికి జీతం లేని ఉద్యోగాలు ఇచ్చి తీర్చారు. మనుషులు అడిగితే దొరకని చదును టమాటలు అడిగితే దొరికింది.

ఆ మధ్యాహ్నమే మేస్త్రీని పిలిపించారు. వాలు పగలగొట్టడానికి వేసినప్పటి కన్నా ఎక్కువ కష్టపడ్డాడు. మా పంచాయతీ గట్టిగా కట్టించింది ఇదొక్కటే. నల్లా పక్క గద్దెను ముందు చెయ్యమని అవ్వ అడిగింది. రోడ్డు వైపుది ముందు చెయ్యమని సర్పంచ్ అన్నాడు, కనపడేది అదే కాబట్టి. మేస్త్రీ ఇద్దరి మాటా విని, నల్లా దగ్గరే మొదలుపెట్టాడు. నీళ్ళు దగ్గరగా ఉంటాయన్నాడు. సాయంత్రానికి నున్నగా తాపీ తిప్పి, లేచి నడుము విరుచుకుని, “రెండు రోజులు ఎవరూ తాకొద్దు. ఆరాలె” అన్నాడు.

“మరి రెండు రోజులు నేను ఎక్కడుండాలె?” అంది అవ్వ.

సర్పంచ్, కార్యదర్శి, ఇంజనీరు ముగ్గురూ పచ్చి సిమెంటు వంక చూశారు. ఇంత ఆధునీకరణలో ఈ ప్రశ్న ఎవరికీ తట్టలేదు. మబ్బు కమ్ముకుంటోంది. ఒకరి తర్వాత ఒకరికి పనులు గుర్తుకు వచ్చాయి, వెళ్ళిపోయారు.

అవ్వ వాళ్ళు పోయేదాకా చూసి, దుప్పటి, గిన్నె తీసుకుని రోడ్డు దాటింది. నేను నా లెక్కల సంచీ పట్టుకుని వెంట పోయాను. పంచాయతీ ఆఫీసు వరండాలో, పొద్దున చేపలున్న మూల కడిగి ఆరిపోయి ఉంది. అక్కడ దుప్పటి పరుచుకుని కూర్చుంది. చినుకులు మొదలయ్యాయి. నల్లబండ మీద ఒక్క చుక్క పడలేదు. అటెండర్ లోపలి నుంచి వచ్చి ఆమెను చూశాడు. అతని మోచేతికి ఇంకా పట్టీ ఉంది. తలుపు లాగి తాళం వేశాడు.

“అవ్వా, ఎట్లాగూ ఉంటున్నవ్ గద, ఆఫీసు గూడ జర చూస్కో” అన్నాడు.

“లోపల ఏమున్నది బిడ్డా, కాపలా కాయనీకి?”

అటెండర్ తాళం చెవి జేబులో వేసుకుంటూ ఆలోచించాడు.

“ఏం లేదవ్వా” అన్నాడు. “కుర్చీలు.”